మ్యాపులో లేని సర్కారు

నవ రాయ్‌పూర్‌లో కొత్త అసెంబ్లీ భవనాన్ని 2025 నవంబరు 1న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఛత్తీస్‌గఢ్‌కు పాతికేళ్లు నిండిన రోజది. ఆ పాతికేళ్లలో చాలాకాలం ఇదే రాష్ట్రంలో మరో సర్కారూ నడిచింది. దానికి భవనం లేదు, మ్యాపులో సరిహద్దు లేదు. శాఖలు మాత్రం ఉండేవి: వ్యవసాయం, ఆర్థికం, న్యాయం, రక్షణ, అడవి, వైద్యం, బడి. పేరు జనతన సర్కార్. గోండీలో ప్రజల ప్రభుత్వం అని.

1980లో గోదావరి దాటి బస్తర్‌లో అడుగుపెట్టిన పీపుల్స్‌వార్ దళాలు తమతో తెలుగు మాటలనూ తీసుకెళ్లాయి. 'సంఘం', 'దళం' అక్కడి పల్లెల మాటలైపోయాయి. నేను తెలుగు అని చెప్పగానే రాయ్‌పూర్‌లో అవతలివారు ఒక్క క్షణం ఆగి చూడటం నాకూ అలవాటైపోయింది.

ఒక రాజ్యాన్ని ఊహించుకుని శాఖలు పంచుకోవడం తేలికే. ఖజానా నింపడమే కష్టం. ఇక్కడ ఖజానా అంటే తునికాకు. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక బస్తా. 1980ల ఆరంభంలో కట్టకు పైసల్లో చెల్లించే కాంట్రాక్టర్లతో దళాలు రేటు పెంచించాయి. ఆదివాసుల నమ్మకం అలా దక్కింది. తర్వాత అదే కాంట్రాక్టర్ల నుంచి వసూళ్లు మొదలయ్యాయి. దోపిడీదారును తరిమేస్తామని వచ్చిన సర్కారు అతని బస్తాల లెక్క మీదే బతికింది. రాయ్‌పూర్ సర్కారు 2024లో బస్తా ధరను రూ.4,000 నుంచి రూ.5,500కు పెంచింది. అంటే కట్టకు అయిదున్నర రూపాయలు.

న్యాయశాఖ సంగతి మరీ ఘోరం. ఆరోపించేదీ, తీర్పు చెప్పేదీ వాళ్లే. ఇన్‌ఫార్మర్ అని ముద్ర పడితే ప్రజాకోర్టులో ప్రాణం పోయేది. అప్పీలు లేదు.

అయితే అసలు సర్కారు ఏంచేసింది? సుమారు 4,000 చదరపు కిలోమీటర్ల అబూజ్‌మాడ్‌లో స్వాతంత్ర్యం వచ్చాక దశాబ్దాల పాటు రెవెన్యూ సర్వేయే జరగలేదు. 2005 జూన్‌లో మొదలైన సల్వాజుడుంతో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తేల్చింది.

ఆ రెండో సర్కారు 2025లో కుప్పకూలింది. మావోయిస్టు ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాల కేశవరావు మే 21న అబూజ్‌మాడ్‌లో హతమయ్యారు. అక్టోబరు 17న జగ్దల్‌పూర్‌లో ఒకేరోజు 210 మంది లొంగిపోయారు. మావోయిజాన్ని 2026 మార్చి 31లోగా తుడిచిపెడతామని కేంద్రం గడువు కూడా పెట్టింది.

ఈ లెక్కల్లో ఎక్కడా లేనివారు గుత్తికోయలు. రెండు సర్కార్లకూ భయపడి గోదావరి దాటి ఖమ్మం అడవులకు చేరినవాళ్లు. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు ఎస్టీలు, తెలంగాణలో ఆ హోదా దక్కలేదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం భూమి 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉండాలి. జుడుం మొదలైన ఆరు నెలలకే ఆ గడువు ముగిసింది. ఆ తర్వాత వచ్చి పోడు కొట్టుకున్నవారికి పట్టా రాదు. పోనీ తిరిగి వెళ్దామంటే, ఇరవై ఏళ్ల క్రితం వదిలొచ్చిన పొలం తమదేనని చూపే కాగితం కావాలి. దాన్ని ఇవ్వాల్సింది రాయ్‌పూరే.