ఆటగాని యొడలిపై యంత్రగురువు

ఆటగాడు తొడిగికొను పట్టీలోనో, చొక్కాలోనో అమర్చిన చిన్న యంత్రము అతని కాలివేగమును, నడుము వంపును, మోచేతి తిరుగుడును కొలిచి, తప్పు జరిగిన క్షణముననే కంపనముచేతనో ధ్వనిచేతనో హెచ్చరించుచున్నది. ఫుట్‌బాల్ పోటీలలో ఇట్టి కొలత యంత్రములను ధరించుటకు 2015లో అంతర్జాతీయ నియమకర్తలు సమ్మతించిరి. క్రొత్త విద్యను చూచి ముఖము త్రిప్పుకొనువారము గాము. కాని పాతబస్తీ బాలురకు దీనివలన కలుగు మేలెంత?

తప్పును తక్షణము తెలుపు ఉపాయము హైదరాబాదునకు క్రొత్త గాదు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1950 మొదలు 1963లో మరణించువఱకు నగర పోలీసు జట్టును తీర్చిదిద్దిరి. ఆ జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలిచినది. వారి శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణమును గొన్నది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవదిగా నిలిచినది. వారు జరిపించిన పోటీలు చిత్రమైనవి. ఒకదానిలో అలవాటు లేని కాలితోనే బంతిని తన్నవలెను. వేఱొకదానిలో డ్రిబ్లింగు నిషిద్ధము. ఎడమకాలితో తన్నిన బంతి వంకరగా పోయినచో తప్పెక్కడనో బాలునకు ఒకరు చెప్పనక్కఱలేదు. దిద్దుకొనుట అతని పని.

సూచన అనుక్షణము అందుచుండెనా, శిష్యుడు దానికే దాసుడగును. ప్రతి ప్రయత్నమునకును ఫలితము చెప్పుచుండిన అభ్యాసకాలమున నేర్పు పెరిగినట్లు కన్పట్టునేకాని, చెప్పుట మానగానే నిలువదని సాల్మొని, ష్మిట్, వాల్టర్ అను పరిశోధకులు 1984లోనే హెచ్చరించిరి. కనుక యంత్రమును కొన్నాళ్లు తొడిగించి, కొన్నాళ్లు విప్పించు గురువు కావలెను. ఎప్పుడు విప్పవలెనో యంత్రము చెప్పదు. అమ్మువాడు అసలే చెప్పడు!

నిజాముల కాలమున అరబ్బు సిపాయిలు కాపురమున్న బార్కసులో ఫుట్‌బాల్ నేటికిని పిల్లల ప్రాణము. అచ్చటి కూలివాని కుమారుడు ఈ యంత్రమును కొనగలడా? ఎవరో ఉచితముగా నిచ్చిరనుకొందము. అతని దేహపు కొలతలు ఎవరి సొత్తు? పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమునకు తల్లిదండ్రుల అనుమతి కావలెనని 2023 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ అనుమతి పత్రమును ఉర్దూలో ఆ తల్లికి చదివి వినిపించువారెవరు?

క్రీడాశాఖవారు కులీ కుతుబ్ షా స్టేడియమున కొన్ని యంత్రములను ఉమ్మడి సొత్తుగా నుంచి, వానిని చదువనేర్చిన శిక్షకు నొకనిని జీతమిచ్చి నిలుపవలెనని కోరుచున్నాము. జీతపు పద్దు ముందు వ్రాయుడు. శిక్షకుడు లేక వచ్చిన యంత్రములకు బీరువాయే మైదానమగును.