తేరు చక్రం పక్కనున్నవాడు

హోసూరులో చంద్రచూడేశ్వరస్వామి తేరు కదిలేటప్పుడు మనం ఎక్కడ చూస్తాము? పైన స్వామిని చూస్తాము, తరువాత మోకులు లాగే జనాన్ని చూస్తాము. చక్రం పక్కనే వంగి నడుస్తూ, అదను చూచి చెక్క వేసి తేరును ఆపేవానిని చూచేవారు తక్కువ. ఉత్సవం ముగిస్తే అతని పేరు అడిగేవారే ఉండరు.

ఈ మాట ఇప్పుడెందుకంటారా? హోసూరు, కృష్ణగిరి పక్క మన ఇండ్లలో ఎందరి పిల్లలో అమెరికాలో ఉన్నారు. మనుమడు ‘ఫుట్‌బాల్’ ఆడుతున్నాడంటే కాలితో తన్నే ఆట అనుకొంటాము. అది వేరు. కోడిగుడ్డు వంటి బంతిని చేతపట్టి పరుగెత్తే ఆట. జట్టుకు 11 మంది. బంతి విసిరేవాని ముందు ఐదుగురు భారీ మనుషులు గోడలా నిలుస్తారు. మీదికి దూకేవారిని ఒంటితో ఆపడమే వారి పని. చప్పట్లు మాత్రం బంతి పట్టినవానికే!

ఆ ఐదుగురిలో నడిమివాడుగా పేరుపొందినవాడు మైక్ వెబ్‌స్టర్. 1952లో పుట్టి, 1974లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులో చేరినాడు. నడిమివాడు కాళ్ల సందునుంచి బంతిని వెనుకకు అందించి, మరుక్షణమే ఎదుటివానిని ఢీకొనాలి. ఈ పనిని అతడు పిట్స్‌బర్గ్‌కు 15 ఏండ్లు, కాన్సాస్ సిటీకి 2 ఏండ్లు చేసినాడు. 4 సార్లు సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 1997లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవమూ దక్కింది.

అప్పటికే మనిషి చితికిపోయినాడు. మతిమరుపు, నొప్పులు, నిద్రలేమి పట్టుకొన్నవి, సంసారం చెదిరింది, కొన్ని రాత్రులు తన బండిలోనే పడుకొన్నాడు. 2002లో, 50వ ఏట, గుండెపోటుతో పోయినాడు. శవపరీక్ష చేసిన డాక్టరు బెన్నెట్ ఒమాలు నైజీరియాలో పుట్టినవాడు. పైకి మామూలుగా కనబడిన ఆ మెదడును పలుచగా కోయించి సూక్ష్మదర్శినిలో చూస్తే, టౌ అనే మాంసకృత్తు ముద్దలు కట్టి ఉన్నది. స్పృహ తప్పించే పెద్ద దెబ్బలే కాదు, ఏండ్ల తరబడి తలకు తగిలే చిన్న దెబ్బలూ మెదడును చెరుపుతవని దీనివల్ల లోకం గుర్తించసాగింది. 2005లో ఆయన ఈ సంగతి వైద్యపత్రికలో ప్రకటించినాడు. ఆటగాళ్ల పింఛను నిధి వెబ్‌స్టర్ కుటుంబానికి ఇంకా సొమ్ము చెల్లించవలసిందేనని 2006లో అప్పీలు కోర్టు తేల్చింది. తీర్పు వచ్చేనాటికి ఆయన పోయి 4 ఏండ్లు.

మనుమనిని ఆట మానుమని మేము చెప్పము. ఫోనులో ‘గెలిచినారా?’ అని అడిగిన తరువాత, ‘తలకేమైనా తగిలిందా నాయనా?’ అని కూడ అడగండి. తగిలిందంటే ఆనాటికి ఆట చాలు. డాక్టరు సరేననేదాకా మైదానానికి పోరాదు. ‘ఏమీ కాలేదు తాతా’ అంటే అంతటితో విడవక, వాళ్ల అమ్మనూ అడగండి. మన వీధిలో చెడుగుడు ఆడే పిల్లలకూ ఇదే మాట.

వచ్చే తేరునాడు చక్రం పక్కనున్నవానికి ఒక లోటా నీరుమజ్జిగ ఇచ్చి, పేరు అడిగి వద్దాము.