సంకర విత్తనాలలో కణద్రవ్య వైవిధ్యం అవసరం

మొక్కజొన్న విత్తనోత్పత్తిలో మగపూతను చేతితో తొలగించే శ్రమను తప్పించినది కణద్రవ్య పురుష వంధ్యత్వం. అయితే ఆ సౌలభ్యం కోసం ఒకే కణద్రవ్యాన్ని నమ్ముకున్నందుకు 1970లో అమెరికా భారీ మూల్యం చెల్లించింది.

నాడు అక్కడి సంకర మొక్కజొన్నలో సుమారు 85 శాతం టెక్సాస్ కణద్రవ్యం కలిగినదే. అందులో పురుష వంధ్యత్వానికి మూలమైన యూఆర్ఎఫ్-13 ప్రోటీన్ మైటోకాండ్రియా లోపలి పొరలో ఉంటుంది. ఆకుమాడు తెగులును కలిగించే శిలీంధ్రపు ‘టి’ తెగ విడుదల చేసే విషం ఈ ప్రోటీన్‌తో బంధం ఏర్పరచుకోగానే పొరలో రంధ్రాలు పడతాయి. ఏటీపీ తయారీ స్తంభిస్తుంది. శక్తి అందక కణం మరణిస్తుంది. ఆ ఏడు దేశం మొత్తం పంటలో సుమారు 15 శాతం నష్టపోయింది. ఈ కణద్రవ్యపు బలహీనతను ఫిలిప్పీన్స్ శాస్త్రజ్ఞులు 1961లోనే వెల్లడించినా తగిన జాగ్రత్త కొరవడింది.

నేడు భారతదేశపు సంకర వరి రకాలలో అత్యధికం ‘డబ్ల్యుఏ’ కణద్రవ్యంపైనే ఆధారపడి ఉన్నాయి. రకాల పేర్లు అనేకమైనా కణద్రవ్యం ఒక్కటే అయితే అది వైవిధ్యం కాదు. కనుక ప్రదర్శన క్షేత్రాల నివేదికలలో దిగుబడితోపాటు వంధ్యత్వ మూలాన్ని కూడా నమోదు చేయాలి. ప్రత్యామ్నాయ కణద్రవ్యాల పరిశోధన తెగులు వచ్చాక కాదు, రాకముందే జరగాలి.