పెద్దల మాటకు ఏఐ కత్తెర పెట్టే ముందు



ముప్పాళ్ళ నుంచి మాచర్ల దాకా ఇప్పుడు మీ చేతిలో ఫోనే రేడియో స్టేషన్. తండాలో తీజ్ పాటలు, చెంచు పెద్దల అడవి ముచ్చట్లు, యానాదుల, ఎరుకల బతుకు కథలు రికార్డు చేస్తున్నారు. సంతోషం. ఎక్కువమంది అడిగేది ఒకటే: "అన్నా, ఏ ఏఐ టూల్ బాగుంటది?"

టూల్ పేరు తర్వాత. ఆ గొంతు రేపు దేనికి పనికొస్తుందో ముందు ఆలోచించండి.

2006 అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో 13వది చూడండి. హక్కు కోరేవాళ్ళు కాని పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమే. అంటే తాత "ఈ చెలక మా అయ్య కొట్టుకున్నది" అన్న మాట కంటెంట్ మాత్రమే కాదు, పట్టాకు ఆధారం. ఆ మాటలో ఏఐ ఒక్క ముక్క మార్చినా నష్టం మనకే.

రాతలో పెట్టడానికి ఓపెన్‌ఏఐ వాళ్ళ విస్పర్ ఉంది. 2022లో వచ్చింది, ఉచితం. కంప్యూటర్‌లో దించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది, తెలుగు వస్తుంది. కానీ మాట ఆగి నిశ్శబ్దం వచ్చిన చోట, ఎవరూ అనని వాక్యాలు అల్లేస్తుందని 2024లో అమెరికా పరిశోధకులు తేల్చారు. మన పెద్దలు ఆగి ఆగి మాట్లాడతారు కదా! అందుకే అది రాసిన ప్రతి లైనూ ఆడియోతో సరిచూడాలి. గోర్ బోలీ, ఎరుకల భాష దాని జాబితాలో లేవు. ప్రభుత్వ భాషిణి కూడా ప్రధానంగా ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల చుట్టూ కట్టిందే. మన భాషలు ఆ షెడ్యూల్‌లోనే లేవు. వాటిని మన చేత్తోనే రాయాలి.

ఫ్యాన్ మోత, మోటారు మోత తగ్గించడానికి ఆడాసిటీ చాలు. అదీ ఉచితమే, ఫైలు మీ కంప్యూటర్ దాటి పోదు. అడోబీ పాడ్‌కాస్ట్ లాంటివి గొంతును మెరిపిస్తాయి, నిజమే. కానీ ఫైలు కంపెనీ సర్వర్‌కి పోతుంది. పైగా అవి మాట కోసం చేసినవి, డప్పునీ తాళాన్నీ మోత అనుకుని చెరిపేస్తాయి. పాటకు వాడొద్దు.

ఎలెవెన్‌ల్యాబ్స్ లాంటివి కాస్త శాంపిల్ ఇస్తే గొంతునే నకలు చేస్తాయి. మీ గొంతుతో ప్రకటన చేసుకోండి, మీ ఇష్టం. అవ్వ అనని మాటను అవ్వ గొంతుతో పలికించొద్దు. ఒక్కసారి అలా దొరికిపోతే, నిజమైన రికార్డులను కూడా "ఏఐ చేసిందిలే" అని కొట్టిపారేస్తారు.

ఇంకోటి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఆడియోను కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్‌తో పాటు హ్యాష్ విలువ చూపాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర. ఒక్క సెకను కోసినా మారిపోతుంది. కాబట్టి అసలు ఫైలును ముట్టుకోకుండా రెండు చోట్ల దాచి, నకలు మీదే ఎడిటింగ్ చేయండి.

ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర గుర్తుందా? జనం మామూలు ఫోన్‌లో మాట చెప్పేవాళ్ళు, మనుషులు విని సరిచూశాకే అది బయటికొచ్చేది. టూల్ ఏదైనా పద్ధతి అదే. ఎడిట్ చేసింది ముందు ఆ అవ్వకే వినిపించండి. "నేనన్నది ఇదే" అని ఆమె అంటేనే పోస్ట్ చేయండి.

జోహార్!