ఆ పాట కాస్త ఆపండి

షష్టిపూర్తి అయినా, రిటైర్మెంట్ అయినా, సంస్మరణ సభ అయినా ఇప్పుడు స్లైడ్‌షో లేకుండా జరగడం లేదు. హాల్లో లైట్లు తగ్గిస్తారు. తెర మీద పాత ఫొటోలు ఒకదాని వెనక ఒకటి మెల్లగా ముందుకి జరుగుతుంటాయి. వెనక ఒక సినిమా పాట. అమ్మ గురించైతే అమ్మ పాట, నాన్న గురించైతే నాన్న పాట. ఐదు నిమిషాల్లో అందరూ కళ్లు తుడుచుకుని భోజనాలకి లేస్తారు. నా గొడవ ఒక్కటే: ఆ ఐదు నిమిషాలూ మనచేత కన్నీళ్లు పెట్టించింది పాట, ఆ మనిషి కాదు. పైగా ఆ పాట మన ఇళ్ల జ్ఞాపకాలని చెరిపేస్తోంది. మాటవరసకి అనడం లేదు, అక్షరాలా చెరిపేస్తోంది.

ప్రతి కుటుంబంలోనూ ఈ పని సాఫ్ట్‌వేర్ వాడి నెత్తిన పడుతుంది. "నువ్వు చేసేది కంప్యూటర్ పనే కదరా" అంటారు. అలా నాలుగైదు నా చేతి మీదుగా వెళ్లాయి కాబట్టి లోపలి లెక్క చెప్పగలను. పాట నాలుగున్నర నిమిషాలు, అంటే 270 సెకన్లు. ఫొటోకి ఐదు సెకన్ల చొప్పున 54 ఫొటోలు. అరవయ్యేళ్ల మనిషికి ఏడాదికి ఒకటి కూడా రాదు. సరే, ఆ 54 ఏవన్నది ఎవరు తేలుస్తారు? పాటే. పల్లవి దగ్గర నవ్వు ముఖం కావాలి, రెండో చరణంలో ఫ్లూటు వచ్చేచోట పోయినవాళ్ల ఫొటో కావాలి. మసగ్గా ఉన్నది వద్దు, ముఖం చిట్లించుకున్నది అసలే వద్దు. అప్పుల్లో ఉన్న పదేళ్లూ ఎవరూ ఫొటో దిగలేదు కాబట్టి, ఆ పదేళ్లూ జీవితంలోంచే ఎగిరిపోతాయి. దర్జీ మనిషిని కొలిచి బట్ట కత్తిరిస్తాడు. మనం బట్టని కొలిచి మనిషిని కత్తిరిస్తున్నాం.

సినిమా పాట ఖాళీ గిన్నె కాదు. అది తన సన్నివేశాన్నీ, తన హీరోనీ వెంటబెట్టుకుని వస్తుంది. మన పాటల్లో అమ్మ అంటే ఏముంది? త్యాగం, కొవ్వొత్తి, దేవత. మా పెద్దమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్లు పనిచేసింది. యూనియన్ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయి, మళ్లీ నిలబడి గెలిచింది. సెకండ్ షోకి ఒక్కతే వెళ్లేది. ఆవిడ సంస్మరణ సభలో ఐదు నిమిషాల పాట ఆవిణ్ని త్యాగమూర్తిని చేసి కూర్చోబెట్టింది. ఆవిణ్ని ఎరగని పిల్లలు ఆ రోజు తెలుసుకున్నది పెద్దమ్మ గురించి కాదు, తెలుగు సినిమా తల్లి గురించి.

ఈ జబ్బు కొత్తది కాదు. పాత పెళ్లి వీడియో కేసెట్లు గుర్తున్నాయా? తామరపువ్వు విచ్చుకుంటే అందులో దంపతులు, లవ్ గుర్తులో పెళ్లికూతురు. దాన్ని 'మిక్సింగ్' అనేవాళ్లు. మా పిన్ని పెళ్లి 1994లో. ఆ కేసెట్‌ని ఈమధ్యే డిజిటల్‌లోకి మార్పించాం. అందులో ఒకచోట మా తాతయ్య వంటవాళ్ల మీద కేకలేస్తున్నాడు. చెయ్యి ఊగుతోంది, నోరు కదులుతోంది. వినబడేది మాత్రం అప్పటి హిట్ డ్యూయెట్. తాతయ్య మరో మూడేళ్లకి పోయాడు. ఆయన గొంతు మాకు ఇంకెక్కడా లేదు. కెమెరాకి మైకు ఉంది, అది ఆ గొంతుని పట్టుకునే ఉంటుంది. మిక్సింగ్ దగ్గర దాన్ని తీసేసి డ్యూయెట్ పోశారు. తీసినవాళ్లకి అది తప్పనిపించలేదు, డబ్బిచ్చి చేయించుకున్న ఇంటివాళ్లకీ అనిపించలేదు. మంత్రాలు, మేళం, మగపెళ్లివారి అలకలు అన్నీ పోయాయి. ఇవాళ లాప్‌టాప్‌లో స్లైడ్‌షో చేసేవాడు ఆ మిక్సింగ్‌కి వారసుడే. తామరపువ్వు పోయింది కానీ బుద్ధి మారలేదు.

కదలని ఫొటోలతో గొప్ప పని చేయలేమా అంటే, చేసినవాళ్లున్నారు. క్రిస్ మార్కర్ 1962లో తీసిన 'లా జెటే' 28 నిమిషాల సినిమా, దాదాపు మొత్తం నిశ్చల చిత్రాలే. కెన్ బర్న్స్ 1990లో 'ది సివిల్ వార్' డాక్యుమెంటరీలో పాత ఫొటోల మీద కెమెరాని మెల్లగా నడిపించాడు. ఆ నడకకి ఆపిల్ వాళ్లు తమ సాఫ్ట్‌వేర్‌లో ఆయన పేరే పెట్టారు. మనం ఆ నడకని తెచ్చుకున్నాం, ఆ ఫొటోల మీద ఆయన చదివించిన సైనికుల ఉత్తరాలని అక్కడే వదిలేశాం. సంగీతం ఆయనా వాడాడు, కానీ మాట నోరు నొక్కడానికి కాదు.

ఇక ఇప్పుడు పాత ఫొటోలకి యంత్రం రంగులేస్తోంది. 2021లో మైహెరిటేజ్ వాళ్ల ఫీచర్ వచ్చాక చనిపోయినవాళ్లు కళ్లు కూడా ఆర్పుతున్నారు. బ్లాక్ అండ్ వైట్‌లో బూడిదరంగున్న చీరకి యంత్రం ఆకుపచ్చ అద్దుతుంది. అది నిజంగా ఏ రంగో తెలిసిన మనిషి పక్క గదిలో మంచం మీద కూర్చుని ఉంటుంది. ఆమెని అడగం.

అడిగితే ఏమవుతుందో చెప్తాను. తెనాలిలో ఏదో స్టూడియోలో తీసిన ఫొటో ఒకటుంది. బొమ్మల పరదా ముందు ఇద్దరు ఆడపిల్లలు. మెళ్లో గొలుసున్న చిన్నపిల్ల మా అమ్మమ్మ. "ఆ గొలుసు నాది కాదు నాన్నా, మా అక్కది. ఫొటో అనేసరికి తీసి నాకేసింది" అంది అమ్మమ్మ. అప్పుడు చూశాను, పక్కనున్న పెద్దపిల్లది బోసి మెడ. మరుసటేడు ఆ పిల్ల కాన్పులో పోయిందట. ఆ అక్క గురించి మా అమ్మకి కూడా తెలియదు. అమ్మమ్మ పావుగంట మాట్లాడింది, ఫోన్‌లో రికార్డు చేశాను. ఆ బోసి మెడ ఐదు సెకన్లలో ఎవరికి కనబడుతుంది? పాట హోరులో ఎవరికి వినబడుతుంది?

"శుభకార్యంలో ఉపన్యాసాలు ఎవరు వింటారు? పాట లేకపోతే జనం కూర్చోరు" అంటారు. నేను ఉపన్యాసం అడగడం లేదు. 54 కాదు, పన్నెండు ఫొటోలు పెట్టండి. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లు ఒకరో ఇద్దరో ముందు వరుసలోనే కూర్చుని ఉంటారు. మైకు వాళ్ల చేతికివ్వండి. "ఈ స్కూటర్ మాది కాదు, పక్కింటాయనది" అని ఒక్క మాట అంటే హాలంతా నవ్వకపోతే అడగండి. పెళ్లికీ చావుకీ ఒకే రకం కన్నీళ్లు పెట్టించే వీడియో కంటే, ఆ నవ్వు ఆ మనిషికి ఎక్కువ గౌరవం.

నాకు పాటల మీద పగేమీ లేదు. నాన్న స్నానాల గదిలో శ్రుతి తప్పుతూ పాడే పద్యం ఉంటే, అదే పెట్టండి, ఆయన గొంతుతోనే. అది ఆ ఇంటి పాట. తక్కినవి అద్దె పాటలు.

ఫొటోల కోసం వాట్సాప్ మీద ఆధారపడకండి. అందులో పంపిన ఫొటో కుంచించుకుపోతుంది, తీసిన తేదీ లాంటి వివరాలూ రాలిపోతాయి. అసలు ప్రింటు అడిగి తీసుకోండి. స్కాన్ చేసేటప్పుడు వెనకవైపు కూడా చెయ్యండి. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన పేరు అక్కడే ఉంటాయి. అంచుల్లో నిలబడ్డ పాలేరునీ, తలుపు చాటు నుంచి చూస్తున్న విధవ మేనత్తనీ క్రాప్ చేయకండి. వాళ్లకి ఉన్న ఫొటో బహుశా అదొక్కటే.

పాటలు ఎక్కడికీ పోవు, ఎప్పుడైనా వినొచ్చు. ముందు వరుసలో ఉన్నవాళ్లని ముందు మాట్లాడనివ్వండి.