వెళ్లకముందు కూర్చుని లెక్క చూసుకుందాం



చిట్యాల నుండి హైదరాబాదుకు 65వ జాతీయ రహదారి మీద బస్సెక్కితే చాలు. కాపురం ఎత్తుకుపోవడం అంత తేలిక కాదు. ఏటా 6 లక్షల ఉద్యోగం వచ్చిందంటే నెలకు 50 వేలని సంతోషిస్తాం. అందులో బేసిక్ 25 వేలనుకుందాం. కంపెనీ కట్టే పిఎఫ్ 3 వేలు, గ్రాట్యుటీ సుమారు 1,200 కూడా ఆ 6 లక్షల్లోనే కలిపి చూపడం మామూలు. మన వాటా పిఎఫ్ 3 వేలు, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 42,600.

అందులోనుండే అద్దె, బడి ఫీజు, గ్యాసు, రాకపోకలు. ఊళ్లో సొంతింటికి అద్దె లేదు, పొలం ఉన్నవారు బియ్యం కొననక్కరలేదు. ఇంటామె కుట్టుమిషను మీద తెచ్చే రూపాయి కూడా ఆగిపోతుంది. కనుక జీతం ఎంత పెరిగిందని కాదు, నెలాఖరుకు ఎంత మిగులుతుందని అడగాలి.

లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టేవాని గూర్చి ప్రభువు నేర్పింది ఇదే. లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు. లోతు నీళ్లున్న మైదానాన్ని కంటితో చూసి ఎంచుకున్నాడు, అక్కడి పొరుగు ఎలాంటిదో ఆలోచించలేదు.

సంఘం పలుచబడుతుందని మేము ఇది రాయడం లేదు. వెళ్లవలసినవారు వెళ్లాలి. అయితే మొదట ఒకరు వెళ్లి మూడు నెలలు చూడాలి. పిల్లల చదువు సంవత్సరం ముగిశాకే కాపురం మార్చాలి. అప్పు చేసి అడ్వాన్సు కట్టవలసి వస్తే, ముసలి తల్లిదండ్రులకు మందుల డబ్బు పంపలేకపోతే, ఆ జీతం చాలదని మా అభిప్రాయం. ఇంటిల్లిపాదీ కలిసి ప్రార్థించి, కాగితం మీద రాసుకుని, అప్పుడు నిర్ణయిద్దాం.