కాయ ముదరకుండా కోత వద్దు

ఉంగుటూరు, నూజివీడు ప్రాంతాల పిల్లలకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. ముదరని మామిడికాయను కోసి మగ్గబెడితే తొక్కకు పసుపు వస్తుంది గాని, రసానికి తీపి రాదు. సాఫ్ట్‌వేరు విడుదలకూ ఇదే సూత్రం వర్తించాలని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

సెల్‌ఫోనులో ‘కృష్ణా’ అని టైపు చేయండి. మన కంటికి అవి రెండే అక్షరాలు. యంత్రం మాత్రం వాటిని ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది: క, వట్రుసుడి, ష, పొల్లు, ణ, దీర్ఘం. తెర మీద ణ కిందికి దిగి వత్తుగా మారాలి. దాని తర్వాత కొట్టిన దీర్ఘం వెనక్కు వెళ్ళి ష నెత్తిన కూర్చోవాలి. ఈ కూర్పు పనిని ఎవరు చేస్తున్నారు?

హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేరు లైబ్రరీ! తాను తెర వెనుక ఉండి ఇతర ప్రోగ్రాములకు పని చేసిపెట్టే సాఫ్ట్‌వేరును లైబ్రరీ అంటారు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీస్ అన్నీ హార్ఫ్‌బజ్‌ను వాడుకుంటాయి. ఇది ఓపెన్ సోర్స్. అంటే దీని లోపలి రాతను ఎవరైనా చదవవచ్చు, దిద్ది పంపవచ్చు.

ఇటువంటి లైబ్రరీకి కొత్త వెర్షన్ తేవాలంటే ముందుగా ఒక ప్రణాళిక కావాలి. ఏయే మార్పులు చేర్చాలి? ఏవి వచ్చేసారికి వదలాలి? ఏ రోజు తర్వాత కొత్త మార్పులు ఒప్పుకోకూడదు? పాత ప్రోగ్రాములు చెడకుండా ఉంటాయా? చాలా లైబ్రరీల వెర్షన్ సంఖ్యలో మూడు భాగాలుంటాయి. మరమ్మతు మాత్రమే చేస్తే చివరిది మారుతుంది. కొత్త సదుపాయం చేరిస్తే నడిమిది మారుతుంది. పాత ప్రోగ్రాములను కూడా మార్చుకోవలసి వస్తే మొదటిది మారుతుంది.

గడువు దగ్గరపడితే దేన్ని వదులుకోవాలి? కొత్త సదుపాయాన్ని వదులుకోవాలి గాని, పరీక్షను కాదు. “తెలుగు కోసం ప్రపంచమంతా ఆగాలా?” అని మీరు అడగవచ్చు. ఆగాలి. లైబ్రరీలో జరిగిన తప్పు ఒక్కచోట ఉండిపోదు, దాన్ని వాడే ప్రతి ప్రోగ్రాములోకీ వెళుతుంది. తర్వాత దిద్దినా, కొత్త వెర్షన్లు అందని పాత ఫోన్లలో అది అలాగే నిలిచిపోతుంది.

2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తు చేసుకోండి. కంటికి కనబడని ఒక విభజన గుర్తును లోపల దాచుకున్న ‘జ్ఞా’ అనే మన అక్షరం ఐఫోన్లలో కనబడగానే ప్రోగ్రాములు కుప్పకూలాయి. అది హార్ఫ్‌బజ్ తప్పు కాదు, ఐఫోన్ల సొంత సాఫ్ట్‌వేరుది. ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్ వచ్చాక గాని ఆ బాధ తీరలేదు. ఒక్క అక్షరం! విడుదలకు ముందే ఎవరైనా దాన్ని పరీక్షించి ఉంటే?

హార్ఫ్‌బజ్‌వారు ఈ విషయంలో మంచి దారి చూపారు. వికీపీడియాలోని తెలుగు మాటలు 9 లక్షల 70 వేలకు పైగా తీసుకుని, తమ లైబ్రరీ వాటిని కూర్చిన తీరును విండోస్ కూర్చిన తీరుతో పోల్చారు. ఒక దశలో తేడా వచ్చినవి 18 మాత్రమే. ఆ మాటలు ఎక్కడివి? తెలుగు వికీపీడియాలో జీతం లేకుండా వ్యాసాలు రాసినవారివి! తాము ఒక లైబ్రరీకి పరీక్షాపత్రం తయారు చేస్తున్నామని వారు అనుకుని ఉండరు.

మీరు తెలిసే ఆ పని చేయవచ్చు. పదో తరగతి తర్వాత నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు వస్తే చూద్దాంలే అని వాయిదా వేయనక్కరలేదు. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న వంటి మాటలు, మీ ఊరి పేరు, మీ నేస్తాల పేర్లు ఒక పట్టికగా రాయండి. వేర్వేరు ఫోన్లలో, కంప్యూటర్లలో టైపు చేసి చూడండి. ఎక్కడైనా అక్షరం విరిగితే నాలుగు సంగతులు నమోదు చేయండి: ఏం టైపు చేశారు, ఏం కనబడింది, ఏం కనబడాలి, ఏ వెర్షన్. మీ ఉపాధ్యాయుని సాయంతో వాటిని తయారీదారులకు పంపండి.

తోట అందరిదీ అయినప్పుడు, కాయ ముదిరిందో లేదో చూడవలసిన బాధ్యతా అందరిదే. మన అక్షరాల సంగతి మనం చూడకపోతే మరెవరు చూస్తారు?